పేరు పేర్చే విద్య

ఆన్‌లైన్ రెప్యుటేషన్ మేనేజ్‌మెంట్ అనే వ్యాపారం ఇంటర్నెట్‌తోనే పుట్టిందనుకుంటాం. కానీ దాని మూలాలు అమెరికాలోని కొలరాడో బొగ్గుగనుల దగ్గర ఉన్నాయి. 1914 ఏప్రిల్ 20న లడ్లోలో సమ్మె చేస్తున్న కార్మికుల గుడారాల మీద సాయుధ దళాలు విరుచుకుపడ్డాయి. సుమారు 20 మంది చనిపోయారు, వారిలో 11 మంది పిల్లలు. గనుల యజమానులైన రాక్‌ఫెల్లర్ల మీద దేశమంతా దుమ్మెత్తిపోసింది. పోయిన పరువు నిలబెట్టడానికి వారు పిలిపించుకున్న మనిషి ఐవీ లీ. తమ పనంతా బహిరంగమేనని 1906లో పత్రికలకు ప్రకటన పంపినది ఈయనే. లడ్లో తర్వాత మాత్రం గనుల యాజమాన్యాల పేరుతో కరపత్రాలు తయారుచేసి, దేశంలోని పలుకుబడి గలవారికి పంపించాడు. వాటిలో కార్మిక నాయకుల జీతాలు అమాంతం పెరిగిపోయాయి. ఆ తప్పుడు లెక్కలు తర్వాత విచారణలో బయటపడ్డాయి గనక చరిత్ర వాటినే గుర్తుంచుకుంది. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది ఆయన పద్ధతి: జరిగినదాని చుట్టూ వేరే మాటలను గుట్టలుగా పోయడం.

ఆ పద్ధతికి తగిన నేల 1998లో గూగుల్‌తో దొరికింది. ఒక పేజీకి ఎవరెవరు లింకు ఇస్తున్నారో చూసి వరస నిర్ణయించడం దాని కీలకం. లింకులను ఓట్లుగా లెక్కిస్తే దొంగ ఓట్లు వేయించేవాళ్లూ పుట్టుకొస్తారు. పత్రిక కొన్నవాడు లోపలి పేజీలైనా తిరగేస్తాడు, గూగుల్‌లో వెతికేవాడు మొదటి పది ఫలితాలు దాటడం అరుదు. కాబట్టి గిట్టని వార్తను చెరిపెయ్యనక్కర్లేదు, పదకొండో స్థానానికి నెడితే చాలు. సన్మానాలు, దానధర్మాలు, ఇంటర్వ్యూలు, సొంత పేరుతో అరడజను సైట్లు పైకి వస్తాయి. 2006లో మొదలైన రెప్యుటేషన్ డిఫెండర్ వంటి సంస్థలు దీన్ని సేవగా అమ్మాయి. ఇందులో ప్రతి వాక్యమూ నిజమే కావచ్చు. ఈ విద్య అసలు బలం అమరికలో ఉందని నేననేది అందుకే. అబద్ధాన్ని ఖండించవచ్చు, వరసను ఏమని ఖండిస్తాం?

దాచబోతే మరింత బయటపడుతుంది కదా అని ఒక అభ్యంతరం. 2003లో గాయని బార్బ్రా స్ట్రైశాండ్ తన సముద్రతీరపు ఇంటి ఫొటో మీద 5 కోట్ల డాలర్లకు దావా వేసింది. అంతకుముందు దాన్ని డౌన్‌లోడ్ చేసుకున్నది ఆరుసార్లే, అందులో రెండు ఆమె లాయర్లవి. దావా తర్వాత ఒక్క నెలలో 4 లక్షల మందికి పైగా ఆ ఫొటో ఉన్న సైటు చూశారు. నిజమే, కానీ మనకు తెలిసేవి దొరికిపోయిన ఉదంతాలే. నెగ్గినవి కనపడవు, కనపడకపోవడమే వాటి గెలుపు. 2011 నవంబర్ 18న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్‌లో నేల మీద కూర్చున్న విద్యార్థుల ముఖాలపై పోలీసులు పెప్పర్ స్ప్రే కొట్టారు. ఆన్‌లైన్‌లో ఆ మచ్చ కనపడకుండా చేయడానికి విశ్వవిద్యాలయం కనీసం 1,75,000 డాలర్లు వెచ్చించిందని 2016లో శాక్రమెంటో బీ పత్రిక బయటపెట్టింది. అది ప్రభుత్వ విశ్వవిద్యాలయం కాబట్టి, మన సమాచార హక్కు చట్టం వంటి అక్కడి చట్టం కింద పత్రిక ఒప్పంద పత్రాలు సంపాదించగలిగింది. ఇదే పని ప్రైవేటు కంపెనీ చేయించుకుంటే ఏ చట్టం కింద అడుగుతాం?

పాత మచ్చ మనిషిని జీవితాంతం వెంటాడాలా అన్నది ఇంకా బరువైన ప్రశ్న. వెంటాడకూడదు. అప్పుల కింద ఆస్తి వేలానికి వచ్చిందన్న 1998 నాటి ప్రకటన తన పేరు వెతికితే ఇంకా వస్తోందని ఒక స్పెయిన్ పౌరుడు పోరాడితే, 2014 మే 13న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం అతని పక్షాన నిలిచింది. ఆ తీర్పు సబబే. తొలగింపు కోరినవాడు కారణం చెప్పాలి, దాన్ని ప్రజాప్రయోజనంతో తూచాలి. డబ్బిచ్చి పాతిపెట్టించేచోట ఈ తూకమే ఉండదు. 2017లో బెంగళూరులో హత్యకు గురైన పాత్రికేయురాలు గౌరీ లంకేశ్, చివరి రోజుల్లో తప్పుడు వార్తల మీద రాస్తున్నారు. ఆ పనిని అందుకుని అంతర్జాతీయ పాత్రికేయులు 2023లో వెలువరించిన పరిశోధన, స్పెయిన్‌కు చెందిన ఎలిమినాలియా సంస్థ బొంకు కాపీరైట్ ఫిర్యాదులతో పత్రికా కథనాలను తొలగింపజేసిన తీరును బయటపెట్టింది. మన దేశంలో 2022 నవంబర్‌లో వచ్చిన బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణం ఆన్‌లైన్ రివ్యూ రాసినవారెవరో సరిచూడాలంటుంది. వెతికినప్పుడు వచ్చే వరసను మార్చడానికి డబ్బెవరిచ్చారని అది అడగదు.