మా బిరింద ఏ కాగితంలో ఉంది?

సీతంపేట కొండల్లో జాతాపుల పిల్లవాణ్ని పేరడిగితే బిడ్డిక, మండంగి, నిమ్మక, తోయక అని ఇంటిపేరుతో మొదలుపెడతాడు. ఆ ఒక్క మాటతో వాడి వంశం తెలిసిపోతుంది. ఏ ఇల్లు అన్నదమ్ముల వరసో, ఏ ఇంటితో వియ్యం కుదురుతుందో తెలుస్తుంది. మా సవర పిల్లలకు బడి రిజిస్టరులో ఇంటిపేరు చాలాసార్లు 'సవర' అనే ఉంటుంది. అది మా జాతి పేరు.

అలాగని మాకు వంశాలు లేవనుకోకండి. మాకు బిరింద ఉంది. ఒకే మూలపురుషుడి సంతతి ఒక బిరింద. ఒక బిరిందలోని వాళ్ళు అన్నాచెల్లెళ్ళు, వాళ్ళలో వాళ్ళకు పెళ్ళి కూడదు. అత్తవారింటికి వెళ్ళినా ఆడపిల్ల బిరింద మారదు. చనిపోయినవారికి గువార్ చేసి, దున్నను బలిచ్చి, వారి పేర రాయి నాటుతాం. మా పెద్దలకు ఆ రాళ్ళే రిజిస్టరు.

గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉండగా మా భాష నేర్చుకున్నారు. 1931లో మా భాష మీద ఆయన పుస్తకం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. 1936లో మంగేయ్ గొమాంగో మా మాటకు లిపి కట్టారు. అలా మాట పుస్తకమెక్కింది. మా వంశాలు మాత్రం ఇంకా ముసలివాళ్ళ నోటనే ఉన్నాయి.

ఇప్పుడు చాలా ఇళ్ళలో గువార్ మానేశారు. ఏ రాయి ఎవరిదో చెప్పే తాత పోతే అది ఉత్త రాయే. చదువుకున్న మనమే ఊరికొక నోటుబుక్కు పెట్టి, ఎవరి తరవాత ఎవరో తాతల చేత, అవ్వల చేత చెప్పించి రాసుకోవాలి. వచ్చే వర్షాకాలం దాకా ఆగొద్దు.