మూడు పెడళ్లు, రెండు పాదములు

మోటారుకారు చరిత్ర వ్రాసినవారు ఇంజనుల బలమును గూర్చియు, పందెముల వైభవమును గూర్చియు పుటలకు పుటలు నింపిరిగాని, డ్రైవరు మోకాళ్ల క్రింద, వెలుతురు సరిగా సోకని ఆ ఇరుకు చోటున, శతాబ్దికాలముగా జరుగుచు వచ్చిన పాదవిన్యాసము వంక చూచినవారు తక్కువ. కుడి అరికాలి మునిభాగముతో బ్రేకును అదిమిపట్టి, ఆ అదుము సడలనీయకయే, అదే పాదపు మడమతోనో వెలుపలి అంచుతోనో యాక్సిలరేటరును రెప్పపాటు కాలము తాకి ఇంజనును రేజు చేసి, ఎడమకాలు క్లచ్చిని త్రొక్కియుండగానే చేతితో గేరును మూడవదానినుండి రెండవదానికి దించుట: దీనినే పందెపు డ్రైవర్లు హీల్ అండ్ టో అందురు. రెండు పాదములే యున్న మనుష్యునకు మూడు పెడళ్ల బండి నిచ్చి, మూడింటిని ఒక్కసారి వాడుమనిన నాడు పుట్టిన విద్య యిది. యంత్రము తనయందు లేని యుక్తిని డ్రైవరు చీలమండ యొద్ద అరువు తెచ్చుకొనెను.

ఆ కొరత మొదట గేరుపెట్టెలో నున్నది. 1891 ప్రాంతమున పారిస్ నగరమందలి పనార్-లెవసోర్ కర్మాగారమున ఎమిల్ లెవసోర్ ఇంజనును బండి ముందుకు తెచ్చి, దాని వెనుక క్లచ్చిని, క్లచ్చి వెనుక జారుడు పళ్లచక్రముల పెట్టెను అమర్చి, తరువాతి తరములవారందరు అనుసరింపవలసిన యొక క్రమమును నెలకొల్పెను. ఆ బండ్లు ఎంతటి గట్టివో 1895 నాటి పారిస్-బోర్డో-పారిస్ పందెము చాటినది. అందు లెవసోర్ సుమారు 1,180 కిలోమీటర్ల దారిని 48 గంటల 48 నిమిషములలో దాదాపు ఒంటరిగానే నడిపించెను. కాని ఆ గేరుపెట్టెలో, తిరుగుచున్న ఒక పళ్లచక్రమును ఇరుసు వెంబడి జరిపి, వేరొక వేగమున తిరుగుచున్న మరియొక చక్రముతో కలుపవలసియుండెను. రెండింటి వేగములు కలియనిచో పళ్లు ఒండొంటిని కొఱికి ఘోరముగా అరచును. మిక్కిలి అలక్ష్యము చేసినచో విరుగును.

లెక్క చూచిన విషయము తేటపడును. ఒక కారున మూడవ గేరు నిష్పత్తి 1.5, రెండవది 2.25 అనుకొందము. మూడవ గేరులో ఇంజను నిమిషమునకు 3,000 చుట్లు తిరుగుచున్నపుడు, అదే వేగమున రెండవ గేరుకు దిగవలెనన్న ఇంజను 4,500 చుట్లు తిరుగవలెను. ఆ 1,500 చుట్ల యంతరమును ఎవరో యొకరు పూడ్చవలెను. నడచుచున్న బస్సు నెక్కదలచినవాడు ముందుగా దానితో సమానముగా నాలుగడుగులు పరుగెత్తినట్లు, గేరు మార్చువాడు ఇంజనును ముందుగా ఆ వేగమునకు తేవలెను. ఇందుకై పాతకాలపు డ్రైవరు క్లచ్చి త్రొక్కి గేరును న్యూట్రలునకు తెచ్చి, క్లచ్చిని వదలి, న్యూట్రలులోనే ఇంజనును రేజు చేసి, దానితో పెట్టెలోని లోపలి ఇరుసు వడి హెచ్చగా, మరల క్లచ్చి త్రొక్కి క్రింది గేరు వేసెడివాడు. మన లారీ డ్రైవర్లు డబుల్ క్లచ్ కొట్టుట యనునది ఇదియే.

తిన్నని బాటపై ఇంతటితో చాలును. మలుపు వచ్చినపుడే చిక్కు. మలుపునకు ముందు బ్రేకు వేయుటయు కుడికాలి పనియే, ఇంజనును రేజు చేయుటయు కుడికాలి పనియే. ముందు బ్రేకు వేసి, దానిని వదలి, పిమ్మట రేజు చేసి గేరు దించుదమన్న ఆ మధ్యకాలమున బండి అదుపులేక ముందునకు దూకును; పందెములో ఆ మధ్యకాలమే ప్రత్యర్థికి దారి. బ్రేకు వేయునంతసేపు రేజు చేయక, గేరు దించి క్లచ్చిని తటాలున వదలుదమన్న మరియొక ఆపద: బ్రేకు వేసినపుడు బండి బరువు ముందు చక్రములపైకి వాలి వెనుక చక్రములు తేలికపడియుండును, ఆ సమయమున మందముగా తిరుగుచున్న ఇంజను వెనుక చక్రములను వెనుకకు లాగినచో అవి నేలపై పట్టు తప్పి, బండి తోక ప్రక్కకు తిరుగును. కావున ఒకే పాదము ఒకే క్షణమున రెండు పెడళ్లపై రెండు వేర్వేరు బలములను, ఒకదాని చలనము రెండవదానికి తెలియనీయక, ప్రయోగింపవలసివచ్చెను. పాదమునకు ఇంతటి ద్వైధీభావమును నేర్పుట సులభము కాదు. నేర్చుకొనువారి బండ్లు మొదట తల యూచుచు, కుదుపులిడుచు పోవుట చూచినవారికి తెలియును.

ఆనాటి బ్రేకులను బట్టి చూచినచో ఈ శ్రమ ఏల తప్పలేదో బోధపడును. తొలినాటి కార్లలో బ్రేకులు చాలవరకు వెనుక చక్రములకే. 1919లో హిస్పానో-సూయిజా కారునందు మార్క్ బిర్కిగ్ట్ నాలుగు చక్రములకును బ్రేకులు పెట్టి, గేరుపెట్టె తిరుగుడు బలమునే బ్రేకునకు సహాయముగా మలచిన ఏర్పాటు చేయగా, గొప్ప గొప్ప కంపెనీలు ఆ యుక్తిని కోరి తీసికొనెను. 1921లో ల మాన్ వద్ద జరిగిన ఫ్రెంచి గ్రాం ప్రీ పందెమును ద్రవబలముతో పనిచేయు బ్రేకులుగల డ్యూసెన్‌బర్గ్ కారులో జిమ్మీ మర్ఫీ గెలిచెను. అయినను డ్రమ్ము బ్రేకులు కాగినకొలది పట్టు సడలుచుండెను గనుక, కొండదారులలో ఇంజను లాగుడే బ్రేకునకు తోడుబోతు. 1953లో డిస్కు బ్రేకులతో జాగ్వార్ కారు ల మాన్ 24 గంటల పందెమును గెలిచిన పిమ్మటనే ఈ భయము పందెపు డ్రైవర్లను విడువసాగెను.

ఇక పెడళ్ల వరుస విషయము. ఈనాడు ఎడమనుండి క్లచ్చి, బ్రేకు, యాక్సిలరేటరు అనునది ప్రకృతి నియమమువలె తోచుచున్నది గాని, మొదట అట్టి నియమ మేదియు లేదు. 1908లో వెలువడిన ఫోర్డ్ మోడల్ టి కారున మూడు పెడళ్లున్నవి, ఎడమదానిని అడుగంట త్రొక్కిన తక్కువ గేరు, వదలిన ఎక్కువ గేరు, నడిమిది వెనుకకు పోవుటకు, కుడిది బ్రేకు. యాక్సిలరేటరు కాలి క్రింద లేనేలేదు, స్టీరింగు క్రింద చేతితో జరుపు మీట. ఆ బండి నడుపనేర్చినవాడు వేరొక బండి నెక్కినచో సర్వము మరచి మరల నేర్వవలసినదే. 1916 నాటి కాడిలాక్ కారున ఈనాటి క్రమమే కానవచ్చుచున్నది; 1922లో ఇంగ్లండున వెలువడిన ఆస్టిన్ సెవెన్ అను చిన్నకారు అదే క్రమమును మధ్యతరగతివారి ఇండ్లలోనికి తెచ్చెను.

అయినను పందెపు బండ్ల లోకము చాలకాలము వేరొక సంప్రదాయమును పట్టుకొని వ్రేలాడెను. డబ్ల్యూ. ఓ. బెంట్లీ నిర్మించిన, 1924 మొదలు 1930 వరకు ల మాన్ పందెమును ఐదుసార్లు గెలిచిన, ఆ బరువైన బెంట్లీ కార్లలో యాక్సిలరేటరు నడిమిది, బ్రేకు కుడిది. 1954లో వెలువడిన మాసెరాటి 250ఎఫ్ గ్రాం ప్రీ కారునందును అట్లే. కొత్తవానికి ఇది మృత్యుపాశమువలె తోచవచ్చును. ఆపదలో కాలు కుడిప్రక్కకు పోయిన బ్రేకు పడును సరే, అలవాటుగా నడిమి పెడలుపై బడిన మాత్రము అంతే సంగతులు. కాని అలవడినవానికి ఈ వరుస హాయియే. కుడి పెడలుపై మునిభాగము నుంచి, పాదమును లోపలివైపునకు వంచినచో మడమగాని ప్రక్కభాగముగాని నడిమి యాక్సిలరేటరుపై తనంత తానుగా నిలుచును. ఈనాటి వరుసలోవలె చీలమండను వెలుపలికి మెలిపెట్టి, మోకాలిని లోనికి త్రోయవలసిన బాధ లేదు.

250ఎఫ్ పేరు వచ్చినది గనుక ఒక దినమును తలపక ముందునకు పోలేను. 1957 ఆగస్టు 4వ తేదీన జర్మనీలోని న్యూర్‌బుర్గ్‌రింగ్ బాటపై, ఒక్క చుట్టు 22.8 కిలోమీటర్లు గల ఆ యడవిదారిలో, హువాన్ మాన్యుయల్ ఫాంజియో పెట్రోలునకును టైర్లకును ఆగి వెనుకబడి, తరువాత చుట్టు వెంట చుట్టున తన రికార్డును తానే చెరపుకొనుచు, 9 నిమిషముల 17.4 సెకండ్లలో ఒక చుట్టు ముగించి, ముందు పోవుచున్న రెండు ఫెరారీ కార్లను దాటి గెలిచెను. ఆ దినమందలి ధైర్యమును గూర్చి అందరును చెప్పుదురు. నాకు మాత్రము నలుబది ఆరేండ్ల వయస్సున, ఒక్కొక్క చుట్టునకు ఎన్నో పదుల మలుపుల వద్ద, ఆ నడిమి పెడలును తప్పుత్రొక్కక తాకిన ఆ కుడిపాదమే ఎక్కువ ఆశ్చర్యమును గొల్పును.

ఈ విద్య ఎప్పుడో అంతరింపవలసినది. 1928లో కాడిలాక్ కంపెనీ ఎర్ల్ థాంప్సన్ రూపొందించిన సింక్రోమెష్ గేరుపెట్టెను ప్రవేశపెట్టెను. అందు పళ్లు కలియుటకు ముందే చిన్న శంకువు ఆకారపు భాగములు ఒండొంటిని ఒరసికొని వేగములను సమానము చేయును. 1930లలో ఈఆర్ఏ పందెపు కార్లకు విల్సన్ ప్రీసెలెక్టర్ పెట్టెలు వచ్చినవి. వానిలో గేరును ముందుగా ఎన్నుకొని, కావలసినపుడు పెడలు త్రొక్కిన చాలును. డబుల్ క్లచ్ అవసరము క్రమముగా తగ్గెను. కాని సింక్రోమెష్ సమానము చేయునది పెట్టెలోని ఇరుసులనే. క్లచ్చికి అవతల నున్న ఇంజనును కాదు. రేజు చేయకుండ క్లచ్చిని వదలినచో వెనుక చక్రములపై పడు దెబ్బ అట్లే యుండెను. కావున ఎడమకాలికి సగము విశ్రాంతి దొరికెను గాని కుడికాలికి దొరకలేదు.

అంతవరకు ఎక్కువగా గురుముఖముననే, చాల తఱచు గురువు తిట్లతోనే, సంక్రమించుచు వచ్చిన ఈ విద్య 1950ల చివరినుండి గ్రంథస్థము కాసాగెను. 1957లో ఆఖరి మిల్లే మిగ్లియా పందెమును గెలిచిన పియెరో తరుఫీ వృత్తిచే ఇంజనీరు. ఆయన పందెపు డ్రైవింగునకు గణితముతో కూడిన గ్రంథము వ్రాసెను. 1960లో ల మాన్ గెలిచిన పాల్ ఫ్రేర్ పత్రికారచయిత. ఆయనయు అట్టి గ్రంథమే వ్రాసెను. బంగారమువంటి యీ యిరువురు గెలిచినవారై యుండియు చెప్పనేర్చినవారగుట అరుదైన సంగతి.

పెడళ్ల అమరిక వట్టి మాటలతో చక్కబడదు, పానా పట్టవలెను. బ్రేకును గట్టిగా అదిమినపుడు దాని ముఖము యాక్సిలరేటరు కంటె కొంచెమే యెత్తుగా గాని సమముగా గాని నిలువవలెను. మామూలు కార్లలో పొరపాటున రెండింటిని ఒక్కసారి త్రొక్కకుండుటకై బ్రేకును ఎత్తున, ఎడముగా నుంచుదురు. అట్టి బండిలో మెల్లగా పోవుచు బ్రేకును కొంచెము తాకినపుడు పాదము యాక్సిలరేటరును అందుకొనలేదు, గట్టిగా అదిమిననే అందును. అందుచేత ఊరి వీధులలో అభ్యసింపబోయినవాడు విసుగుచెందును. ఔత్సాహికులు యాక్సిలరేటరుపై లోహపు పలకను బిగించి ఎత్తు పెంచుదురు. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లోను పాత పోర్షె 911లోను వలె నేలనుండి లేచు పెడళ్లకొక తీరు, పైనుండి వ్రేలాడు పెడళ్లకొక తీరు. మడమను నేలపై ఆన్చుకొను చోటు రెండింటికి వేరగును.

పెడలు తరువాత చెప్పు. మందపు అడుగుగల జోడుతో బ్రేకు ఎంత పడుచున్నదో పాదమునకు తెలియదు. సిసిలీ ద్వీపమున తార్గా ఫ్లోరియో పందెము జరుగు కొండలకు దిగువ నున్న చెఫాలూ పట్టణములో చిచ్చో లిబెర్తో అను చెప్పులు కుట్టు పనివాడు 1960లలో పందెపు డ్రైవర్లకై పలుచని యడుగుతో, చీలమండ చక్కగా మెదలునట్లు జోళ్లు కుట్టి ప్రసిద్ధి కెక్కెను. దీనికి విరుద్ధముగా పందెపు డ్రైవరు అయర్టన్ సెన్నా జపానులోని సుజుకా బాటపై హోండా ఎన్ఎస్ఎక్స్ కారు నడపిన చిత్రమొకటి కలదు. అందు మామూలు తోలుజోడును తెల్లని మేజోళ్లును తొడిగిన ఆ పాదము పెడళ్లపై ఆడిన తీరు చూచినచో, నేర్చినవానికి జోడుతో పనిలేదని చిచ్చో సహితము ఒప్పుకొనెడివాడేమో.

తెలుగు సీమలో పందెపు బాటలు అరుదైనను ఈ విద్యలో సగము మనకు పరిచితమే. 1957లో వచ్చిన అంబాసిడర్ కారున, మారిస్ ఆక్స్‌ఫర్డ్ వారసత్వముగా, మొదటి గేరునకు సింక్రోమెష్ లేదు. స్టీరింగు ప్రక్కనున్న గేరు రాడ్డును నడచుచుండగా మొదటి గేరునకు దించదలచినవాడు డబుల్ క్లచ్ కొట్టవలసినదే. 1944లో తెరచిన తిరుమల మొదటి ఘాటు రోడ్డువంటి దారులలో దిగు బండిని న్యూట్రలులో వదలక, ఎక్కిన గేరులోనే దింపవలెనను హెచ్చరిక డ్రైవర్లు శిష్యులకు చెప్పు తొలిపాఠము. ఆ హెచ్చరిక వెనుక నున్నది కాగిన డ్రమ్ము బ్రేకుల భయమే.

ఇటు పందెపు లోకమున, 1989లో బ్రెజిల్ గ్రాం ప్రీలో నైజెల్ మాన్సెల్ స్టీరింగు వెనుక మీటలతో గేరు మార్చు ఫెరారీ కారున గెలిచెను. ఆ పద్ధతి వ్యాపించినకొలది పందెపు కారున క్లచ్చి పెడలునకు పని లేకపోయెను. పిమ్మట డ్రైవర్లు ఎడమకాలితోనే బ్రేకు వేయసాగిరి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుసేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ పందెమున కార్లకు మార్చుకొనవలసిన గేర్లే లేవు. మామూలు రోడ్డు కార్లలో 2009 నమూనా నిస్సాన్ 370జెడ్, క్లచ్చి పెడలుగల బండియే యైనను, గేరు దించునపుడు ఇంజనును తానే రేజు చేసికొనును. దాని గేరు రాడ్డు ప్రక్కన ఒక మీట పెట్టిరి; ఆ మీటతో ఆ సహాయమును ఆపివేయవచ్చును, ఆపి నడుపుకొనువారు నున్నారు.