ఓరుగల్లులో యువత ఓటు: 1969 నుంచి 2023 వరకు

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
- ఉద్యమంలో యువత బలానికీ, ఎన్నికలో యువత బలానికీ గల తేడాను వివరించగలుగుతారు.
- ఓటు హక్కు వయసు 21 నుంచి 18 ఏళ్లకు తగ్గిన తర్వాత వచ్చిన ఫలితాలను చర్చించగలుగుతారు.
- ఎన్నికల అంకెల నుంచి ఎంతవరకు నిర్ధారణ చేయవచ్చో, ఎక్కడ ఆగాలో గుర్తించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

యువత తలచుకుంటే ప్రభుత్వాలు మారతాయనే మాట ప్రతి ఎన్నికల సభలోనూ మీరు విని ఉంటారు. యువతకు రాజకీయాలు పట్టవు, పోలింగు రోజును సెలవు దినంగా గడిపేస్తారు అనే మాటా అంతే తరచుగా వినిపిస్తుంది. ఈ రెండింటిలో ఏది ఎంతవరకు నిజమో తేల్చుకోవడానికి వరంగల్ ప్రాంతం మంచి ఉదాహరణ. 1959లో ఇక్కడ ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల, వైద్య కళాశాల వచ్చాయి. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. చుట్టుపక్కల పల్లెల నుంచి చదువు కోసం వచ్చిన యువత అర్ధ శతాబ్దంగా ఈ నగర రాజకీయ జీవితంలో భాగమయింది.

యువత ఉత్సాహం ఫలితంగా మారాలంటే మూడు అంశాలు కలిసిరావాలి: చట్టం ఇచ్చిన ఓటు హక్కు, ఓటర్ల జాబితాలో పేరు, ఎంచుకోవడానికి నమ్మదగిన ప్రత్యామ్నాయం. ఈ మూడింటినీ దృష్టిలో ఉంచుకొని కింది ఘట్టాలను చదవండి.

2. ఓటు లేని తరం: 1969-71

1956 నాటి పెద్దమనుషుల ఒప్పందంలోని రక్షణలు అమలు కావడం లేదన్న అసంతృప్తి 1969 జనవరిలో ఖమ్మం జిల్లాలో విద్యార్థుల ఆందోళనగా బయటపడింది. కొద్ది వారాల్లోనే అది వరంగల్, హైదరాబాదులకు పాకి ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంగా మారింది. తరగతులు నెలల తరబడి స్తంభించాయి. పోలీసు కాల్పుల్లో పలువురు ప్రాణాలు కోల్పోయారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. అప్పట్లో ఓటు హక్కు వయసు 21 ఏళ్లు. డిగ్రీ విద్యార్థుల్లో ఎక్కువమంది 17 నుంచి 20 ఏళ్ల లోపువారు. ఉద్యమానికి ముందు నిలిచినవారిలో చాలామందికి ఓటే లేదు. 1971 మార్చిలో లోక్‌సభ ఎన్నికలు వచ్చేసరికి 1969లో 19 ఏళ్లున్నవారు 21కి చేరారు, 17 ఏళ్లున్నవారు ఇంకా బయటే ఉన్నారు. అయినా మర్రి చెన్నారెడ్డి నాయకత్వంలోని తెలంగాణ ప్రజా సమితి ఈ ప్రాంతంలోని 14 స్థానాల్లో 10 గెలుచుకుంది. వరంగల్ స్థానం కూడా సమితికే దక్కింది. పిల్లలు లేవనెత్తిన ప్రశ్నకు తల్లిదండ్రుల తరం కూడా ఓటు వేసిందని దీని అర్థం.

అదే ఏడాది సెప్టెంబరులో సమితి కాంగ్రెస్‌లో విలీనమయింది. బ్రహ్మానందరెడ్డి స్థానంలో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి అయ్యారు. ఓటు హక్కు అప్పుడే చేతికి వస్తున్న తరానికి, తాము నమ్మిన పార్టీ బ్యాలట్ పత్రం మీద లేకుండా పోయింది.

3. అదే కాలంలో అమెరికా

ఈ చిక్కు మనకే ప్రత్యేకమా? అదే సమయంలో అమెరికా విద్యార్థులూ దీన్నే ఎదుర్కొన్నారు. అక్కడ పార్టీ అధ్యక్ష అభ్యర్థిని నిర్ణయించే ప్రక్రియలో ప్రైమరీ ఎన్నికలు ఒక భాగం. వాటిలో ఓటర్లే నేరుగా పాల్గొంటారు. 1968 మార్చిలో న్యూ హాంప్‌షైర్ ప్రైమరీలో వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించిన యూజీన్ మెకార్తీ తరఫున విద్యార్థులు ఇల్లిల్లూ తిరిగారు. చాలా రాష్ట్రాల్లో ఓటు వయసు 21 కావడంతో వారిలో ఎందరికో ఓటు లేదు. మెకార్తీకి సుమారు 42 శాతం ఓట్లు వచ్చాయి. గెలవకపోయినా, అధికారంలో ఉన్న అధ్యక్షుడు జాన్సన్ ఆ నెలాఖరుకే పోటీ నుంచి తప్పుకున్నారు.

1971లో 26వ రాజ్యాంగ సవరణ అమెరికాలో 18 ఏళ్లవారికి ఓటు ఇచ్చింది. మరుసటి ఏడాది యుద్ధ వ్యతిరేకి మెక్‌గవర్న్ పార్టీ అభ్యర్థి అయినా, సాధారణ ఎన్నికలో నిక్సన్ 50 రాష్ట్రాల్లో 49 గెలిచారు. పార్టీలోపలి పోటీని మార్చగలిగిన ఉత్సాహం దేశమంతటి తీర్పును మార్చలేకపోయింది. మన పార్టీల్లో అటువంటి ప్రైమరీలు లేవు. అభ్యర్థిని పార్టీ నాయకత్వమే ఎంపిక చేస్తుంది. కాబట్టి మన యువ ఓటరుకు తన మాట చెప్పడానికి పోలింగు రోజే ప్రధాన అవకాశం.

4. మారిన మద్దతు, తగ్గిన వయసు: 1983-89

1982 మార్చి 29న పుట్టిన తెలుగుదేశం పార్టీ 1983 జనవరి ఎన్నికల్లో 294 శాసనసభ స్థానాల్లో 200కు పైగా గెలిచింది. కొత్త పార్టీ ఎందరో కొత్తవారికి, చదువుకున్నవారికి టికెట్లు ఇచ్చింది. పైన చెప్పిన మూడో అంశం, ప్రత్యామ్నాయం, ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. 1984 డిసెంబరులో దేశమంతటా కాంగ్రెస్ గాలి వీచినా, హనుమకొండ లోక్‌సభ స్థానంలో కేంద్ర హోంమంత్రి పి.వి. నరసింహారావును భారతీయ జనతా పార్టీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి ఓడించారు. ఆ ఎన్నికల్లో ఆ పార్టీ దేశం మొత్తం మీద గెలిచిన రెండు స్థానాల్లో ఇది ఒకటి.

61వ రాజ్యాంగ సవరణ ఓటు వయసును 18కి తగ్గించింది. అది 1989లో అమలులోకి వచ్చింది. దీన్ని తెచ్చిన రాజీవ్ గాంధీ ప్రభుత్వం ఆ ఏడాది చివర జరిగిన ఎన్నికల్లో కేంద్రంలో మెజారిటీ కోల్పోయింది. అదే సమయంలో ఆంధ్రప్రదేశ్‌లో కాంగ్రెస్ తిరిగి అధికారంలోకి వచ్చింది. కొత్త ఓటర్లు రెండు చోట్లా ఉన్నారు, తీర్పులు మాత్రం రెండు రకాలుగా వచ్చాయి. యువత ఒకే మూటగా ఒకే పక్షానికి ఓటు వేస్తుందనే వాదనకు 1989 గట్టి సమాధానం.

5. రెండో తరం ఉద్యమం: 2009-10

2009 నవంబరు చివరలో మళ్లీ రాజుకున్న ఉద్యమంలో ఉస్మానియా, కాకతీయ విశ్వవిద్యాలయాల విద్యార్థులు ముందున్నారు. 1969తో పోలిస్తే వీరికి ఒక తేడా ఉంది: 18 నిండినవారికి ఓటు ఉంది. శాసనసభ్యుల రాజీనామాలతో 2010 జూలైలో 12 స్థానాలకు ఉప ఎన్నికలు జరిగాయి. తెలంగాణ రాష్ట్ర సమితి 11, భారతీయ జనతా పార్టీ 1 గెలిచాయి. వరంగల్ పశ్చిమం అందులో ఉంది. హక్కు, ప్రత్యామ్నాయం రెండూ ఒకే చోట కలిసిన సందర్భం ఇది.

6. తిరగబడిన అంకె: 2018-23

ఉమ్మడి వరంగల్ జిల్లాలో 12 శాసనసభ స్థానాలున్నాయి. 2018లో తెలంగాణ రాష్ట్ర సమితికి 10, కాంగ్రెస్‌కు 2 వచ్చాయి. 2023లో కాంగ్రెస్‌కు 10, భారత రాష్ట్ర సమితిగా పేరు మారిన అదే పార్టీకి 2 వచ్చాయి. పాలకుర్తిలో మంత్రి ఎర్రబెల్లి దయాకర్‌రావును 26 ఏళ్ల యశస్వినీరెడ్డి ఓడించారు. గ్రూప్-1 ప్రాథమిక పరీక్ష రెండుసార్లు రద్దు కావడం, ప్రశ్నపత్రాల లీకేజీ ఆ ఎన్నికల్లో పెద్ద చర్చగా నిలిచాయి.

అయితే ఈ మార్పు అంతా నిరుద్యోగ యువత వల్లనే జరిగిందని రాయవచ్చా? రాయకూడదు. మన ఓటు రహస్యం. ఏ వయసువారు ఎవరికి వేశారో ఓట్ల లెక్కింపు చెప్పదు. రైతులు, మహిళలు, పింఛనుదారులు కూడా అదే యంత్రం మీద మీట నొక్కారు. ఫలితం మారిందనేది వాస్తవం. ఎవరు మార్చారనేది ఊహ, దానికి వేరే సాక్ష్యం చూపాలి. చరిత్ర విద్యార్థిగా మీరు ఈ గీతను దాటకూడదు.

7. జాబితాలో పేరు

మూడు అంశాల్లో అందరూ తేలికగా తీసుకునేది ఇదే. హనుమకొండలో గది అద్దెకు తీసుకొని పోటీ పరీక్షలకు చదివే యువకుడి పేరు ఊళ్లో ఉంటుంది. పోలింగు రోజున బస్సు ఎక్కకపోతే ఆ ఓటు పడదు. దాన్ని ఉదాసీనత అని పేరు పెట్టడం తేలిక, కానీ అందులో దూరానికీ ఖర్చుకూ కూడా వాటా ఉంది.

పూర్వం జనవరి 1 ఒక్కటే అర్హత తేదీ. జనవరి 2న 18 నిండినవారు దాదాపు ఏడాది ఆగవలసి వచ్చేది. 2021 చట్ట సవరణతో జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు 1వ తేదీలు నాలుగూ అర్హత తేదీలయ్యాయి. కొత్త నమోదుకు ఫారం 6, చిరునామా మార్పుకు ఫారం 8 వాడాలి. పేరు ఒక్క చోటే ఉండాలి.

8. సారాంశం

1969 తరానికి గొంతు ఉంది, ఓటు లేదు. 1971 తర్వాత ఓటు చేతికి వచ్చినవారికి నమ్మిన పార్టీ మిగలలేదు. 1989లో వయసు తగ్గింది, కానీ కొత్త ఓటర్లు ఎవరి సొత్తూ కాలేదు. 2010లో హక్కు, ప్రత్యామ్నాయం కలిశాయి. 2023లో అంతకుముందు గెలిపించిన ప్రాంతమే ఓడించింది. యువత మద్దతు ఏ పార్టీకీ శాశ్వత ఆస్తి కాదని ఓరుగల్లు అనుభవం చెబుతోంది. మీ ముందు తరం వీధుల్లో అడిగి తెచ్చుకోలేకపోయిన హక్కు మీకు 18 ఏళ్లకే దక్కింది. దాన్ని వాడేముందు జాబితాలో మీ పేరు ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. 1971 ఎన్నికల్లో ఓటు లేని విద్యార్థుల ఉద్యమం ఫలితాన్ని ఎలా ప్రభావితం చేసింది?
2. 1989 ఫలితాల ఆధారంగా "యువత ఒకే మూటగా ఓటు వేస్తుంది" అనే వాదనను పరీక్షించండి.
3. మీ కుటుంబంలో మూడు తరాలవారు మొదటిసారి ఓటు వేసిన ఏడాది, అప్పటి వయసు అడిగి తెలుసుకొని ఒక పేజీ రాయండి.