పే పర్ క్లిక్ ప్రకటనలు: అమ్మకాల పెంపు

ఇంటర్నెట్‌లో ప్రకటన కనిపించినందుకు కాక, దాని మీద ఎవరైనా క్లిక్ చేసినప్పుడే ప్రకటనదారు డబ్బు చెల్లించే పద్ధతిని పే పర్ క్లిక్ అంటారు. అలా క్లిక్ చేసి వచ్చినవారిలో నూటికి ఎందరు సరుకు కొన్నారో చెప్పే లెక్క కన్వర్షన్ రేటు. ఈ రేటు పెరిగితే ప్రకటన ఫలించినట్టేనని చాలామంది భావిస్తారు. కానీ రేటు పెరిగినంత మాత్రాన లాభం పెరిగినట్టు కాదు. ప్రకటన ఇవ్వకపోతే జరగని అమ్మకాలు ఎన్ని జరిగాయన్నదే అసలు కొలమానం. మిగతా మెలకువలన్నీ దాని తర్వాతివే.

పుట్టుక, పనితీరు

ఈ పద్ధతిని విస్తృతంగా వాడుకలోకి తెచ్చింది అమెరికాలో బిల్ గ్రాస్ స్థాపించిన గోటూ డాట్ కామ్ అనే సెర్చ్ ఇంజన్. 1998లో అది సెర్చ్ ఫలితాల్లో స్థానాలను వేలానికి పెట్టింది. తర్వాత ఓవర్చర్‌గా పేరు మార్చుకున్న ఆ సంస్థను 2003లో యాహూ కొనుగోలు చేసింది. గూగుల్ 2000లో యాడ్‌వర్డ్స్ అనే ప్రకటనల సేవను ప్రారంభించినప్పుడు ప్రకటన కనిపించినందుకే రుసుము తీసుకునేది. క్లిక్‌కు ధర కట్టే వేలాన్ని 2002లో ప్రవేశపెట్టింది. ఎక్కువ పాడినవారికే పై స్థానం దక్కాలన్న నియమాన్ని గూగుల్ పాటించలేదు. పాటతో పాటు ప్రకటన నాణ్యతనూ లెక్కలోకి తీసుకుంది. ప్రకటనను ఎందరు క్లిక్ చేసే అవకాశముంది, వెతికిన మాటకూ ప్రకటనకూ ఎంత పొంతన ఉంది, క్లిక్ చేశాక తెరుచుకునే ల్యాండింగ్ పేజీ ఎంత ఉపయోగకరంగా ఉంది అన్నవి ఆ నాణ్యతకు గీటురాళ్లు. అందువల్ల వెతికినవారికి సరైన జవాబు చూపే చిన్న వ్యాపారి తక్కువ ఖర్చుతోనే పెద్ద సంస్థ కంటే పైన నిలవవచ్చు.

కొనేవారిని రప్పించడం

అమ్మకం వెతికే మాట దగ్గరే మొదలవుతుంది. పచ్చళ్లు అమ్మే ఒక సంస్థను తీసుకుందాం. “ఆవకాయ తయారీ విధానం” అని వెతికేవారికి కావలసింది వంట సలహా. “ఆవకాయ కిలో ధర”, “అమెరికాకు ఆవకాయ కొరియర్” అని వెతికేవారు కొనడానికి సిద్ధంగా ఉన్నవారు. క్లిక్‌కు పది రూపాయల చొప్పున వంద క్లిక్‌లకు వెయ్యి రూపాయలు ఖర్చయి, ఇద్దరే కొంటే ఒక్కో అమ్మకానికి అయిదు వందలు పడుతుంది. “తయారీ”, “ఎలా” వంటి మాటలను నెగటివ్ కీవర్డ్స్‌గా చేర్చి, వాటితో వెతికేవారికి ప్రకటన కనిపించకుండా చేస్తే అదే వెయ్యికి నలుగురు కొనవచ్చు. అప్పుడు ఖర్చు రెండు వందల యాభైకి దిగుతుంది. వచ్చినవారికి సంస్థ ముఖపేజీ కాక, వారు అడిగిన పచ్చడి పేజీయే తెరుచుకోవాలి. ధర, బరువు, కొరియర్ ఛార్జీ, ఎన్ని రోజుల్లో చేరుతుంది, పాడైతే ఏం చేస్తారు అన్న వివరాలు ఫోన్ తెర మీద వెంటనే కనిపించాలి. చివరి మెట్టులో కొత్తగా ఛార్జీ బయటపెడితే కొనేవారు వెనక్కి తగ్గుతారు.

ఏ పేజీ మేలన్నది అభిప్రాయాలతో తేలదు, పరీక్షతోనే తేలుతుంది. బరాక్ ఒబామా తొలి అధ్యక్ష ఎన్నికల ప్రచారంలో సైట్ ముఖపేజీకి బటన్లు, చిత్రాలు, వీడియోలు కలిపి 24 రూపాలు తయారుచేసి పరీక్షించారు. సిబ్బందికి నచ్చిన వీడియో కన్నా కుటుంబ చిత్రం ఉన్న పేజీ బాగా పనిచేసింది. పేర్లు నమోదు చేసుకున్నవారి శాతం 8.26 నుంచి 11.6కు పెరిగింది. ఒక్కో రూపాన్ని సుమారు 13 వేల మంది చూశారు కాబట్టి ఆ ఫలితాన్ని నమ్మవచ్చు. వంద క్లిక్‌లలో రెండు అమ్మకాలు నాలుగయ్యాయంటే మాత్రం అది కాకతాళీయమూ కావచ్చు.

అసలు కొలత

ప్రకటన వల్లే జరిగిన అమ్మకాలను కొలిచే విషయంలో ఆన్‌లైన్ అమ్మకాల వేదిక ఈబే జరిపిన ప్రయోగాలు కీలకమైనవి. థామస్ బ్లేక్, క్రిస్ నోస్కో, స్టీవెన్ టడెలిస్ 2015లో ఎకనామెట్రికా పత్రికలో వాటి ఫలితాలు ప్రచురించారు. ఈబే తన పేరు మీద ఇచ్చే ప్రకటనలను ఆపినప్పుడు, వాటి ద్వారా వచ్చే క్లిక్‌లలో దాదాపు అన్నీ సెర్చ్‌లో కనిపించే ఉచిత ఫలితాల ద్వారానే వచ్చాయి. సంస్థ పేరుతో వెతికేవారు ఎలాగూ కొనేవారే కాబట్టి అలాంటి ప్రకటనల కన్వర్షన్ రేటు ఎక్కువగా కనిపిస్తుంది. నిజానికి అది ఉచితంగా వచ్చే గిరాకీకి కట్టిన రుసుము. ఇతర మాటల మీద ఇచ్చిన ప్రకటనలు కొత్తవారి మీద, అరుదుగా కొనేవారి మీద ప్రభావం చూపాయి. తరచూ కొనేవారి మీద చూపలేదు.

ఈబే అందరికీ తెలిసిన పేరు, చిన్న వ్యాపారికి ఆ ఫలితం వర్తించదన్న అభ్యంతరం సబబే. అయితే తెలియనివారికి చేరినప్పుడే ప్రకటన ఫలిస్తుందన్న సూత్రం చిన్న వ్యాపారికి అనుకూలమైనదే. మన పేరు మీద పోటీదారు పాట పాడితే గిరాకీ పోదా అన్నది మరో ప్రశ్న. పోవచ్చు, అందుకే ఊహ మీద ఆధారపడకుండా ఒక నగరంలో కొన్ని వారాలు ఆ ప్రకటన ఆపి, అలాంటి మరో నగరంతో అమ్మకాలను పోల్చాలి. ఇప్పుడు పాటలన్నీ యంత్రమే పాడుతోంది, మనిషికి పనేముంది అనేవారూ ఉన్నారు. కానీ మనం దేన్ని కన్వర్షన్‌గా నమోదు చేస్తే యంత్రం దాన్నే పెంచుతుంది. ఫారం నింపడాన్ని నమోదు చేస్తే ఫారాలు నింపేవారినే తెస్తుంది. రద్దయిన, తిరిగొచ్చిన ఆర్డర్లను తీసేసి నికర అమ్మకాన్ని నమోదు చేస్తేనే అది కొనేవారి కోసం వెతుకుతుంది.

కాబట్టి ప్రకటనల నివేదికలో ముందుగా చూడవలసింది కన్వర్షన్ శాతం కాదు. ప్రకటన వల్లే అదనంగా వచ్చిన అమ్మకాల మీద మిగిలిన లాభం, ప్రకటనకు పెట్టిన ఖర్చు కంటే ఎక్కువగా ఉందా అన్నది చూడాలి. ఉంటే ఖర్చు పెంచవచ్చు. లేకపోతే రేటు ఎంత బాగున్నా ఆ ప్రకటనను ఆపడమే సరైన నిర్ణయం.