చేతులు మారిన చప్పుడు

ఎలక్ట్రానిక్ సంగీత చరిత్రను యంత్రాల చరిత్రగా చెప్పడం మనకు అలవాటైపోయింది. ఏ ఏడాది ఏ సింథసైజర్ వచ్చింది, దాన్ని ముందుగా ఎవరు వాయించారు అంటూ సాగిపోతాం. యంత్రం లేనిదే ఈ సంగీతం లేదు, నిజమే. కానీ హౌస్, టెక్నో, జంగిల్, గోవా ట్రాన్స్ అంటూ ఇన్ని పాయలుగా ఎందుకు చీలిందని అడిగితే యంత్రం సగం జవాబే చెబుతుంది. ఆ చప్పుడు ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి ఏ దారిన చేరిందో చూస్తేనే మిగతా సగం తెలుస్తుంది. దారి మారినప్పుడల్లా సంగీతమూ మారింది.

మొదటి దారి రేడియో. 1948 అక్టోబరు 5న ఫ్రెంచి రేడియోలో పియేర్ షఫేర్ రైళ్ల చప్పుళ్లతో కట్టిన కూర్పును వినిపించాడు. పారిస్‌లోని బాతిన్యోల్ స్టేషన్లో ఆ చప్పుళ్లను పట్టుకుని, గ్రామఫోను రికార్డుల మీదికి ఎక్కించి, మళ్లీ మళ్లీ తిప్పి పేర్చిన కూర్పు అది. తర్వాత చాలాకాలం ఈ ప్రయోగాలు రేడియో సంస్థల గదుల్లోనే నడిచాయి: 1951లో కొలోన్‌లో, 1958లో లండన్ బీబీసీలో. మామూలు మనిషి కొనగలిగే పరికరాలు కావవి. ఏం వినాలో, ఎప్పుడు వినాలో సంస్థే తేల్చేది. పేరూ సంస్థదే. 1963లో 'డాక్టర్ హూ' సీరియల్ సిగ్నేచర్ ట్యూన్‌ను డెలియా డెర్బిషర్ టేపు ముక్కలు కోసి, అతికించి తయారుచేసింది. బాణీ రాసిన రాన్ గ్రెయినర్ ఆమె పేరు కూడా ఉండాలన్నాడు, నిబంధనలు ఒప్పుకోలేదు. ఆ పేరు తెరమీద కనిపించింది 2013లో. అప్పటికి ఆమె పోయి పన్నెండేళ్లు.

మన దేశం ఈ కథలోకి ఆలస్యంగా వచ్చిందనుకునేవాళ్లు అహ్మదాబాద్ వైపు చూడాలి. 1969లోనే అక్కడి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు మోగ్ సింథసైజర్ చేరింది. అమెరికన్ స్వరకర్త డేవిడ్ ట్యూడర్ స్వయంగా వచ్చి స్టూడియో ఏర్పాటు చేశాడు. గీతా సారాభాయ్, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషీపురా ఆ గదిలో కూర్చుని కూర్పులు చేశారు. ఆ టేపులు దాదాపు అర్ధశతాబ్దం పాటు అల్మారా దాటలేదు. బ్రిటిష్ కళాకారుడు పాల్ పుర్గస్ వాటిని వెలికితీస్తే 2023లో ఆల్బంగా వచ్చాయి. వింటుంటే సంతోషంతో పాటు దుఃఖమూ కలుగుతుంది. చేసేవాళ్లకు కొదవ లేకపోయింది, వినేవాళ్ల దాకా చేర్చే దారే లేకపోయింది.

చరణ్‌జీత్ సింగ్‌దీ అదే కథ. బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించిన ఆయన 1982లో భైరవ్, యమన్, మాల్కౌన్స్ వంటి పది రాగాలను డిస్కో లయ మీద పలికించాడు. జూపిటర్-8 కీబోర్డు, టీఆర్-808 డ్రమ్ మెషీన్, టీబీ-303 బేస్ మెషీన్: మూడూ రోలండ్ కంపెనీవే. రికార్డు విడుదలైంది, మరుగున పడింది. 2002లో ఎడో బౌమన్ అనే డచ్ సేకర్తకు ఢిల్లీలోని ఒక దుకాణంలో దొరికింది. 2010లో మళ్లీ అచ్చువేశాడు. షికాగోలో పుట్టిన యాసిడ్ హౌస్‌ను అయిదేళ్ల ముందే ఒక భారతీయుడు కనిపెట్టాడని అప్పటినుంచి మనవాళ్లు గర్వంగా చెప్పుకుంటున్నారు. ఆ రికార్డంటే నాకు ప్రాణం, అయినా ఆ మాట ఒప్పుకోలేను. ఒక్క రికార్డుతో ఒక శైలి పుట్టదు. ఒకరు చేసింది ఇంకొకరు విని, దానికి జవాబుగా మరొకటి చేయాలి. చరణ్‌జీత్ సింగ్ రికార్డుకు జవాబిచ్చినవాళ్లు ఆనాడు లేరు.

షికాగోలో ఉన్నారు. గిటారు వాయించేవాళ్లకు తోడుగా బేస్ పలికించాలని చేసిన టీబీ-303 అసలు బేస్‌లా పలకలేదు. అమ్ముడుపోక 1984లో తయారీ ఆపేశారు, సెకండ్‌హ్యాండ్‌లో చౌకగా దొరికేది. ఫ్యూచర్ అనే ముగ్గురు కుర్రాళ్ల బృందం దాని మీటలు తిప్పుతూ ఒక టేపు చేసి, మ్యూజిక్ బాక్స్ క్లబ్బులో పాటలు వేసే రాన్ హార్డీ చేతిలో పెట్టింది. ఆయన దాన్ని ఒకే రాత్రి నాలుగుసార్లు వేశాడనీ, మొదట తప్పుకున్న జనం నాలుగోసారికి ఊగిపోయారనీ ఆ ముగ్గురిలో ఒకడైన డీజే పియేర్ చెబుతాడు. జనం దాన్ని క్యాసెట్లలో ఎక్కించుకుని 'రాన్ హార్డీ యాసిడ్ ట్రాక్' అంటూ పంచుకున్నారు. 1987లో రికార్డుగా వచ్చేటప్పటికి పేరు 'యాసిడ్ ట్రాక్స్'. వాయించినవాళ్లు పెట్టిన పేరు కాదది, పంచుకున్నవాళ్లు పెట్టింది.

డెట్రాయిట్‌లో ఈ పంచే పని ఒక గొంతు చేసింది. ఎలక్ట్రిఫైయింగ్ మోజో అనే పేరుతో రాత్రిపూట రేడియోలో మాట్లాడే ఆ మనిషి ముఖం శ్రోతలకు తెలియదు. జర్మనీ క్రాఫ్ట్‌వర్క్ తర్వాత ప్రిన్స్‌ను, ఆ తర్వాత ఫంకడెలిక్‌ను వేసేవాడు. నల్లవాళ్ల సంగీతం, తెల్లవాళ్ల సంగీతం అంటూ అమెరికన్ రేడియో గీసిన గీతను లెక్కచేయలేదు. అది వింటూ పెరిగిన బెల్‌విల్ స్కూలు మిత్రులు హువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ చేసినదే టెక్నో. మోజో ఒక్క టెక్నో రికార్డూ చేయలేదు. నా లెక్కలో మాత్రం ఆయన ఆ ముగ్గురి పక్కన నిలబడవలసినవాడు.

పంచడానికి పూర్తిగా ఎదురుగా కనిపించే ఆచారం జమైకాలో పుట్టింది. కింగ్‌స్టన్ వీధుల్లో సౌండ్ సిస్టమ్‌లు ఒకదానితో ఒకటి పోటీపడేవి. తమ దగ్గరున్న రికార్డు ఏదో పక్కవాడికి తెలియకూడదని లేబుళ్లు గీకేసేవారు. ఇంకెవరి దగ్గరా ఉండకూడదని ఒకే ఒక్క ప్రతి కోయించుకునేవారు. అదే డబ్‌ప్లేట్. కొన్ని పదుల సార్లు తిప్పితే దాని గాడి అరిగిపోతుంది. వలస వెళ్లినవాళ్లతో ఈ పద్ధతి లండన్ చేరి, 1990ల జంగిల్‌కూ ఆ తర్వాత డబ్‌స్టెప్‌కూ ప్రాణమైంది. ఆ పాట కావాలంటే ఆ రాత్రి ఆ క్లబ్బుకు వెళ్లాల్సి వచ్చేది. లేదా అపార్ట్‌మెంట్ల పైకప్పుల మీద ఏరియల్ కట్టుకుని ఆ రోజుల్లో లైసెన్సు లేకుండా నడిచిన కూల్ ఎఫ్‌ఎం, రిన్స్ ఎఫ్‌ఎం వంటి స్టేషన్లను పట్టుకుని క్యాసెట్‌లో దింపుకోవాల్సి వచ్చేది. 1994లో బ్రిటిష్ పార్లమెంటు ఒకే దెబ్బ పదేపదే వినిపించే సంగీతాన్ని చట్టంలో నిర్వచించి మరీ ఆరుబయటి రేవ్‌లను అణచాలని చూసింది. టేపులు ఆగలేదు.

గోవా గురించి ఒక్కమాట. అంజునా తీరం ఎండకు వినైల్ రికార్డులు వంకర్లు పోయేవి. అందుకే అక్కడివాళ్లు క్యాసెట్లనూ, తర్వాత డ్యాట్ అనే డిజిటల్ ఆడియో టేపులనూ నమ్ముకున్నారు. డ్యాట్‌లో వేగం సర్దే వీలులేక, రెండు పాటల లయలు కలపడం కుదిరేది కాదు. గోవా ట్రాన్స్ పాటలు లయ లేకుండా మెల్లగా మొదలై అలాగే ముగియడం వెనక ఈ కారణం ఉంది.

1999లో ఇంటర్నెట్‌లో పాటలు పంచుకునే నాప్‌స్టర్ వచ్చింది, 2001లో మూతపడింది. దానికంటే నాకు ముఖ్యం సోల్‌సీక్. ఎలక్ట్రానిక్ సంగీతం ఇష్టపడేవాళ్ల చుట్టూ మొదలైన ఈ ప్రోగ్రాములో ఒక పాట వెతికితే ఒక మనిషి ఫోల్డరంతా కనిపించేది. వెతికింది ఒకటి, దొరికేది మరో నలభై, వాటి వెనక ఒక అభిరుచి. 2000లో పుట్టిన డిస్కాగ్స్ కూడా మొదట ఎలక్ట్రానిక్ రికార్డుల జాబితానే. ఏ ట్రాక్ ఎవరిది, ఏ లేబుల్‌ది, ఏ ఏడాదిది అని మామూలు శ్రోతలే రాసిపెట్టారు. ఇవాళ యాప్ నేను విన్నదానికి దగ్గరగా ఉన్నదాన్నే తెచ్చి ముందు పెడుతుంది. మోజో దూరంగా ఉన్నవాటిని పక్కపక్కన పెట్టాడు. ఆ తేడా చిన్నది కాదు.

ఇక మన సంగతి. మద్రాసు స్టూడియోల్లో రాజ్-కోటి పాటలకు కీబోర్డు వాయించిన కుర్రాడు తర్వాత ఎ.ఆర్. రెహమాన్ అయ్యాడు. ఆ కాలంలో తెలుగు ఊళ్లు సింథసైజర్‌ను సినిమా పాటగానే విన్నాయి, వేరే పేరు అక్కర్లేకపోయింది. తర్వాత మొబైల్ షాపులో మెమరీ కార్డు ఇస్తే పాటలు ఎక్కించి ఇచ్చే రోజులొచ్చాయి. సహారా ఎడారి పట్టణాల్లో బ్లూటూత్‌తో ఫోను నుంచి ఫోనుకు పాటలు పాకినట్టే, డర్బన్‌లో టాక్సీ స్పీకర్ల మీద, వాట్సాప్‌లో గోమ్ సంగీతం పాకినట్టే, తెలంగాణలో తీన్‌మార్ దెబ్బ మీద జానపద పాటల డీజే మిక్స్‌లు పాకాయి. బోనాలకు ఒకటి, బతుకమ్మకు ఒకటి, వినాయక నిమజ్జనానికి మరొకటి. ఎఫ్‌ఎల్ స్టూడియో మొబైల్ అనే యాప్‌లో చేసిన ప్రాజెక్టు ఫైళ్లను కూడా కుర్రాళ్లు పంచుకుంటారు. ఒకరి దరువు మరొకరి పాటలో మోగుతుంది. పత్రికల సంగీత పేజీల్లో వీటికి ఇంకా చోటు లేకపోవడం అన్యాయం.

ఈ మిక్స్‌ల మధ్యలో ఒక గొంతు వినిపిస్తుంది: డీజే పేరు, వెంటనే ఊరి పేరు. పాట సరిగ్గా ఊపందుకునే చోట అడ్డొస్తుందని విసుక్కునేవాళ్లున్నారు. ఫైలు పేరు ఎవరైనా మార్చేస్తారు, బొమ్మ తీసేస్తారు, పాట లోపల పలికిన పేరును తీయడం కష్టం. కింగ్‌స్టన్‌లోనూ డబ్‌ప్లేట్ కోయించేటప్పుడు గాయకుడితో తమ సౌండ్ సిస్టమ్ పేరును పాటలోనే పాడించుకునేవారు. జమైకా సంగతి వినకపోయినా మన కుర్రాళ్లు అక్కడికే చేరారు. డెలియాకు యాభై ఏళ్లు దక్కని పేరును నిమజ్జనం లారీ మీది స్పీకర్లు ఊరంతటికీ వినిపించేలా చెబుతున్నాయి.