ముద్ర పోయింది, రిజిస్టరూ పోయింది

నోటరీ దగ్గర రెండు వస్తువులుంటాయి. ఒకటి ముద్ర, రెండోది రిజిస్టరు. ముద్ర పోయినా, రిజిస్టరు మిగిలితే ఏ కాగితం అసలుదో, ఏది దొంగదో తేల్చుకోవచ్చు. రెండూ పోతే ఇక ఆ నోటరీ మాట ఎవరికీ పనికిరాదు. నెదర్లాండ్స్‌లో డిజినోటార్ అనే సంస్థకు సరిగ్గా ఇదే జరిగింది. సర్వర్ల లాగ్స్ చూసుకుంటూ బతికే నాకు ఆ కథ ఎన్నిసార్లు గుర్తొచ్చినా గుండె బరువెక్కుతుంది.

డిజినోటార్ 1998లో బెవర్‌వైక్ ఊళ్లో, నోటరీల ఇంటి బిడ్డగానే పుట్టింది. దస్తావేజు మీద నోటరీ ముద్ర ఎలాంటిదో, వెబ్‌సైటుకు సర్టిఫికెట్ అలాంటిది. ‘ఈ సైటు వీళ్లదే, నేను పూచీ’ అని మూడో మనిషి చెప్పే మాట అది. డిజినోటార్ ఇచ్చే ఆ మాటను బ్రౌజర్లన్నీ నమ్మాయి, డచ్ ప్రభుత్వమూ నమ్మింది. అక్కడి పౌరులు ప్రభుత్వ సేవలకు లాగిన్ అయ్యే డిజిడిలోనూ ఈ సంస్థ సర్టిఫికెట్లు వాడారు. 2011 జనవరిలో వాస్కో అనే అమెరికన్ కంపెనీ దాన్ని కొనుక్కుంది.

సర్టిఫికెట్లు తయారుచేసే యంత్రాలను ఉంచిన గది మామూలు గది కాదు. విద్యుదయస్కాంత తరంగాలు కూడా బయటికి పొక్కకుండా కట్టిన గది. అయితే ఆ సర్వర్లన్నీ ఒకే విండోస్ డొమైన్‌లో ఉండేవి. ఒక్క యూజర్‌నేమ్, ఒక్క పాస్‌వర్డ్ దొరికితే అన్నీ దొరికినట్టే. ఆ పాస్‌వర్డూ గట్టిది కాదు. బయటి వెబ్ సర్వర్లలో పాత సాఫ్ట్‌వేర్ అలాగే ఉండిపోయింది. తలుపుకి ఇనుప గడియ వేసి, పెరటి దారి వదిలేశారు.

2011 జూన్ 17న ఆ వెబ్ సర్వర్ల గుండా దొంగ లోపలికొచ్చాడు. జులై 10కల్లా గూగుల్ పేరు మీద దొంగ సర్టిఫికెట్ పుట్టింది. జులై 19న సంస్థ వాళ్లే రోజువారీ తనిఖీలో తేడా పట్టారు. కనబడిన దొంగ సర్టిఫికెట్లను రద్దు చేశారు. గండం గడిచిందనుకుని లోకానికి చెప్పకుండా ఊరుకున్నారు. గూగుల్‌ది మాత్రం వాళ్ల చేతికి చిక్కలేదు. ఆగస్టు 4 నుంచి అది ఇరాన్‌లో భారీగా పనిచేసింది. జీమెయిల్ తెరిచిన మనిషికి ఎప్పటిలాగే తాళం గుర్తు కనిపించింది. తన ఉత్తరం మధ్యలో ఇంకొకరి చేతిలో పడుతోందని తెలిసే దారే లేదు. ఆగస్టు 29 సాయంత్రం దాన్ని రద్దు చేసేదాకా మూడు లక్షల దాకా ఐపీ అడ్రసులు ఆ దొంగ ముద్రను చూశాయి. అందులో నూటికి తొంభై తొమ్మిది ఇరాన్‌వే.

అప్పుడు ఫాక్స్-ఐటీ అనే సంస్థ దర్యాప్తుకు వచ్చింది. మొదట అడిగింది లాగ్స్, అంటే ప్రతి యంత్రం తనలో జరిగింది రాసిపెట్టుకునే రిజిస్టర్లు. అవి ఎక్కువగా దొంగ దూరిన సర్వర్లలోనే ఉన్నాయి. వాటిని చెరిపి, మార్చిన ఆనవాళ్లూ దొరికాయి. అన్ని యంత్రాల మాటా ఒకచోట భద్రంగా చేర్చే ఏర్పాటే అక్కడ లేదు. లెక్కకు 531 దొంగ సర్టిఫికెట్లు తేలాయి. ఏ సర్టిఫికెట్‌కూ జతపడని సీరియల్ నంబర్లు ఇంకా మిగిలిపోయాయి. ‘ఇవే, ఇంతే’ అని ప్రమాణం చేసి చెప్పగల నోరు ఆ ఇంట్లో మిగల్లేదు.

కొంతైనా సాక్ష్యం చెప్పింది వేరే యంత్రం. ‘ఈ సర్టిఫికెట్ చెల్లుతుందా?’ అని బ్రౌజర్లు అడిగితే జవాబిచ్చే సర్వర్ అది. రద్దు జాబితాలో లేని ఏ నంబరునైనా, తానెన్నడూ చూడనిదైనా, అది చెల్లుతుందనే చెప్పింది. అయినా ఎవరు అడిగారో రాసిపెట్టుకుంది. ఇరాన్ జనం మీద పడ్డ దెబ్బ ఎంతటిదో లోకానికి తెలిసింది ఆ రాతల వల్లే.

అక్కడ లేనిది కొండంత పని కాదు, అదే నన్ను కలచివేసే సంగతి. లాగ్ కలెక్టర్‌గా ఒక వేరే యంత్రం పెట్టాలి. అది ఆ డొమైన్‌లో ఉండకూడదు, దాని పాస్‌వర్డులు దానివే కావాలి. 514 పోర్టు మీద యూడీపీలో లాగ్స్ పంపే పాత పద్ధతిలో లైను అందిందో లేదో తెలియదు, ఎవరు పంపారో రుజువూ ఉండదు. అందుకే 2009లోనే సిస్‌లాగ్ అనే ఈ లాగ్ సందేశాలను టీఎల్‌ఎస్ అనే గుప్త రక్షణతో పంపే ప్రమాణం వచ్చింది, దానికి 6514 పోర్టు కేటాయించారు. కలెక్టర్ ఆ పోర్టు తెరుచుకుని వింటుంది. రెండు వైపులా సర్టిఫికెట్లు చూసుకుంటాయి. ఫైర్‌వాల్‌లో మన సర్వర్లకే దారి ఇస్తాం. గడియారాలన్నీ ఒకటి చేస్తాం. కలెక్టర్ కాసేపు పడిపోయినా లైన్లు పోకుండా పంపే యంత్రం డిస్క్ మీద క్యూ పెడతాం.

చివర్లో పరీక్ష. పంపే సర్వర్లో లాగర్ కమాండ్‌తో ఒక్క లైను రాసి ఎంటర్ నొక్కుతాం. కలెక్టర్‌లో టెయిల్ కమాండ్ పెట్టి చూస్తుంటాం. క్షణంలో తేదీ, సమయం, సర్వర్ పేరు, మనం రాసిన మాట అక్కడ వచ్చి పడతాయి. ఇక ఈ సర్వర్లో ఆ లైను చెరిపినా అక్కడ చెరగదు. దొంగ పంపడాన్నే ఆపేయవచ్చు, నిజమే. కానీ అప్పటిదాకా వెళ్లినవి వెళ్లిపోయాయి. రోజూ మాట్లాడే సర్వర్ ఉన్నట్టుండి మూగబోవడమూ ఒక కబురే.

బెవర్‌వైక్‌లో ఆ కబురు అందుకునేవాళ్లు లేరు. బ్రౌజర్లు ఒక్కొక్కటిగా డిజినోటార్ పేరు కొట్టేశాయి. సెప్టెంబరు 3 తెల్లవారకముందే మంత్రి పీట్ హైన్ డోనర్ మీడియా ముందుకొచ్చి, ప్రభుత్వం ఇక ఈ సర్టిఫికెట్లను నమ్మబోదని ప్రకటించారు. సెప్టెంబరు 20న హార్లెమ్ కోర్టు దివాలా ప్రకటించింది. దొంగ సర్టిఫికెట్లతో పాటు నిజాయితీగా ఇచ్చినవీ చెల్లకుండా పోయాయి. వాటిని వేరుచేసి చూపగల రిజిస్టరు లేదు కదా.

కొత్త సర్వర్ పెట్టిన ప్రతిసారీ నేను ఆ ఒక్క లైను పంపి చూస్తాను. అవతల అది పడేదాకా లేవను.