చక్రములోని చప్పుడు

కంకర పరచిన బాట మీదుగా వచ్చిన మోటారుకారు తారురోడ్డు ఎక్కినది. కొంతదూరము పోవుసరికి ముందుచక్రము వద్ద ఇనుమును ఇనుముతో గీకినట్లు చప్పుడు మొదలైనది. బ్రేకు వేసినను వేయకున్నను అది ఆగదు. కారు వేగము హెచ్చినకొలది చప్పుడును హెచ్చుచుండును. దీనికి కారణము ఒక చిన్న గులకరాయి కావచ్చును. ప్రాణాపాయము తెచ్చు లోపమైనను కావచ్చును. చెవికి మాత్రము రెండును ఇంచుమించు ఒకే తీరుగా వినబడును. వీటిని వేరుచేసి గుర్తించుట ఎట్లు? ఆ రాయి అసలు అక్కడికి ఎట్లు చేరినది? వీటికి సమాధానము బ్రేకుల చరిత్రలోనే కలదు.

ముందుగా బ్రేకు చేయు పనిని గమనింతము. 1000 కిలోగ్రాముల కారు గంటకు 72 కిలోమీటర్ల వేగముతో, అనగా సెకండునకు 20 మీటర్ల చొప్పున పోవుచున్నదనుకొందము. ద్రవ్యరాశిలో సగమును వేగపు వర్గముతో గుణించినచో దాని గతిజశక్తి 2,00,000 జౌళ్లని తేలును. కారు ఆగినంత మాత్రమున ఈ శక్తి నశింపదు. రాపిడివలన వేడిగా మారును. అరలీటరు నీటిని 30 డిగ్రీల సెంటిగ్రేడు నుండి మరుగునంతవరకు కాచుటకు ఈ వేడి చాలును. రాపిడి లేనిదే బ్రేకు లేదు. రాపిడి ఉన్నచోట వేడియు, అరుగుదలయు, చప్పుడును తప్పవు. ఈ మూడింటితో జరిపిన పెనుగులాటయే బ్రేకుల చరిత్ర.

1888 ఆగస్టులో జర్మనీ దేశమున బెర్తా బెంజ్ తన ఇద్దరు కుమారులతో కలసి, భర్త కార్ల్ బెంజ్ నిర్మించిన మూడుచక్రముల మోటారు బండిలో మాన్‌హైము నుండి ఫోర్ట్స్‌హైమునకు బయలుదేరినది. దూరము సుమారు 100 కిలోమీటర్లు. కొండదారుల దిగుడులో బ్రేకు దిమ్మలు అరిగిపోయినవి. ఆమె దారిలో చెప్పులు కుట్టువానిచేత ఆ దిమ్మలకు తోలు కొట్టించినది. అరిగినపుడు మార్చుకొనదగిన పొరను బ్రేకుకు తొడుగవలెనను భావము అట్లు ఆచరణలోనికి వచ్చినది. కాని వేడి ఎక్కువైనచో తోలు మాడును. 1897లో ఇంగ్లండులో హెర్బర్టు ఫ్రూడ్ అనునతడు బ్రేకు పొరలకు తగిన పదార్థములను వెదకుట ప్రారంభించి, తరువాత ఒక గొప్ప పరిశ్రమను నెలకొల్పెను.

1902లో ఇంగ్లండు ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టరు చక్రముతోపాటు తిరుగు లోహపు పళ్లెమును రెండువైపులనుండి నొక్కిపట్టు బ్రేకునకు పేటెంటు పొందెను. అదే నేటి డిస్కు బ్రేకునకు మూలరూపము. కాని అతడు వాడిన రాగి ప్యాడ్లు లోహమునకు తగులగనే చెవులు చిల్లులుపడునట్లు కీచుమనెడివి, త్వరగా అరిగిపోయెడివి. ఆ కాలపు మట్టిరోడ్ల దుమ్ము ఆ అరుగుదలను మరింత పెంచెను. అదే సంవత్సరము ఫ్రాన్సులో లూయీ రెనో రూపొందించిన డ్రమ్ము బ్రేకు వచ్చినది. ఇందులో రాపిడి అంతయు మూసిన డోలువంటి భాగము లోపల జరుగును గనుక రాళ్లకును బురదకును ప్రవేశము తక్కువ. సుమారు 50 ఏండ్లపాటు కార్లకు ఈ పద్ధతియే ప్రధానమైనది.

చప్పుడును, మాడుటను తప్పించుటకు బ్రేకు పొరలలో ఆస్బెస్టాసు, అనగా రాతినార, వాడసాగిరి. అది వేడికి ఓర్చుకొనును. కాని దానికి చెల్లించిన మూల్యము మనుష్యుల ఊపిరితిత్తులు. ఇంగ్లండులోని రోచ్‌డేలు పట్టణమున రాతినార వడుకు పనిచేసిన నెల్లీ కెర్షా 1924లో 33 ఏండ్ల వయసున మరణించినది. ఆ నారధూళియే ఆమె ఊపిరితిత్తులను పాడుచేసెనని పరీక్షలో తేలెను. అయినను రాతినార వాడుక దశాబ్దములపాటు సాగినది. బ్రిటనులో దానిపై పూర్తి నిషేధము 1999లో వచ్చినది. పాత బ్రేకుల ధూళిని నోటితో గాని గాలిగొట్టముతో గాని ఊదరాదనుటకు కారణము ఇదియే.

డ్రమ్ము మూసియుండుట రాళ్లను ఆపినది గాని వేడిని కూడ లోపలనే బంధించినది. వేగముగా పోవు కార్లలో మాటిమాటికి బ్రేకు వేసినచో పట్టు సడలెడిది. అందువలన డిస్కు మరల రంగమునకు వచ్చినది. 1953లో ఫ్రాన్సులోని ల మాన్ వద్ద జరిగిన 24 గంటల పందెమున, డన్‌లప్ డిస్కు బ్రేకులు గల జాగ్వారు కారు గంటకు సుమారు 170 కిలోమీటర్ల సగటు వేగముతో గెలిచినది. 1955లో వెలువడిన సిత్రోయెన్ డీ.ఎస్. కారు ముందుచక్రములకు డిస్కు బ్రేకులనే అమర్చిరి.

డిస్కు తెరచియుండుటవలన గాలి తగిలి చల్లబడును. కాని గాలి వచ్చు దారినే రాయియు రాగలదు. నీరు, బురద చిందకుండ డిస్కు వెనుక ఒక పలుచని రేకును అమర్చుదురు. టైరు ఎగజిమ్మిన గులకరాయి ఒక్కొక్కపుడు ఆ రేకునకును డిస్కునకును నడుమ చిక్కుకొని, తిరుగు డిస్కును ఎడతెగక గీకును. రక్షణకై పెట్టిన రేకే రాతికి బోనగును!

ఇక గుర్తించు విధము. చప్పుడు ఇంజను వేగమును గాక చక్రపు వేగమును అనుసరించుచున్నచో లోపము చక్రము వైపున ఉన్నదని ఊహింపవచ్చును. టైరు చుట్టుకొలత సుమారు 2 మీటర్లు. గంటకు 7.2 కిలోమీటర్ల వేగములో చక్రము సెకండునకు ఒక చుట్టు తిరుగును. అపుడు సెకండునకు ఒక్కమారు టిక్కుమని వినబడినచో టైరు గాడిలో రాయి ఇరుకుకొనియుండవచ్చును. ఎడతెగని గీకుడైనచో రేకు వద్ద చూడవలెను. మలుపులో హోరు మారినచో బేరింగును అనుమానింపవలెను. బ్రేకు నొక్కినపుడు గరగర హెచ్చినచో ప్యాడు పూర్తిగా అరిగి, వెనుకనున్న ఉక్కు పలక డిస్కును కోయుచున్నదని భయపడవలెను. అట్టి కారును నడుపరాదు. రాత్రి తడిసిన డిస్కుపై పట్టిన తుప్పు చేయు చప్పుడు నాలుగైదుమార్లు బ్రేకు వేయగనే పోవును.

కారును ఖాళీస్థలమున మెల్లగా వెనుకకు నడిపినచో రాయి తనంతట తానే రాలిపడుట కలదు. రాలనిచో, డిస్కు చల్లారిన పిదప, కారును గట్టి ఆధారములపై నిలిపి, చక్రము విప్పి తీయవలెను. చప్పుడు ఆగినను ప్యాడు మందమును ఒకమారు చూచుట మంచిది. ఏలయన చెవి చెప్పినది అనుమానమే గాని నిర్ణయము కాదు.

చరిత్రలో ఒక వింత మిగిలినది. లాంచెస్టరు బ్రేకు కీచుమనుటను మాన్పుటకు ఎందరో శ్రమపడిరి. బ్రేకులు నెమ్మదించిన తరువాత ఇంజనీర్లు పెక్కు కార్ల ప్యాడ్లకు చిన్న ఉక్కునాలుకను కావలెననియే అమర్చిరి. ప్యాడు అరిగి పలుచబడగనే అది డిస్కును తాకి కీచుమనును. వదిలించుకొనిన చప్పుడునే మరల పిలిచి కావలి ఉంచిరన్నమాట. చక్రము పలికినపుడు చెవియొగ్గి విని, కారణము వెదకుట నడుపువాని వంతు.